ఆవఘాటు నుంచి మిరపకారం దాకా: తెలుగువారి పచ్చడి – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగువారి ఇంటి పచ్చడి ఆయా ఋతువుల్లో దొరికే కాయ, ఆకు, పండు ఆధారంగా తయారవుతుంది. నేడు దానికి ప్రాణంగా భావించే మిరపకాయ అమెరికా ఖండానికి చెందినది. 16వ శతాబ్దంలో పోర్చుగీసుల ద్వారా భారతదేశానికి వచ్చిన పంట అది. అంతకు ముందు పచ్చడికి కారం ఎక్కడినుంచి వచ్చింది? మిరప రాకతో పచ్చడి తయారీలో, దాన్ని తినేవారి స్థితిగతుల్లో ఏ మార్పు వచ్చింది? ఈ రెండు ప్రశ్నలను కావ్యాలు, శాసనం, పదచరిత్ర, శ్రాద్ధపు వంట వంటి ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పచ్చడి, ఊరగాయ, ఆవ, మిరియం, మిరప, ఆముక్తమాల్యద, ఆహార చరిత్ర

1. ఉపోద్ఘాతం:

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడిన నాటినుంచి, కావ్యాల్లోని భోజన వర్ణనలను చారిత్రక ఆధారాలుగా వాడుకోవడం తెలుగు పరిశోధనలో స్థిరపడింది. ఆ మార్గం ఎంతో మేలు చేసింది. అయితే దానికొక పరిమితి ఉంది. కావ్యం విందును వర్ణిస్తుంది. రోజువారీ కూటిని అరుదుగా తలుస్తుంది. తలచినప్పుడు కూడా వెక్కిరింతకే తలుస్తుంది. పలనాటి సీమలో చింతచిగురుతో ఉడికిన బచ్చలికూర, జొన్నకూడు తినవలసి వచ్చినందుకు శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటువులు చేసే ఎగతాళి అందరికీ తెలిసిందే. ఆ చాటువులు మనకు ఒక ఋతువులో ఒక మెట్టసీమ తిన్న తిండిని చెబుతున్నాయి, నిజమే. కాని అది తినేవారి నోట చెప్పించడం లేదు.

పచ్చడి విషయంలో ఈ చిక్కు మరింత ఎక్కువ. రోటి దగ్గర కూర్చున్న స్త్రీలు తమ పనిని రాసిపెట్టలేదు. ఉప్పు ఎంత, పులుపు ఎంత అన్నది చేతికీ నాలుకకీ తెలిసిన లెక్క. తల్లి నుంచి కూతురికీ, అత్త నుంచి కోడలికీ అందింది. మాలతీ చందూర్ 'వంటలు–పిండివంటలు' వంటి పుస్తకాలు అచ్చయ్యే దాకా ఆ లెక్కకు కాగితం మీద చోటు లేదు. కాబట్టి కావ్యాలతో పాటు మాటల చరిత్రనూ, కర్మకాండలో మిగిలిన వంటనూ, పనిముట్టునూ కలిపి చదవక తప్పదు.

2. పచ్చడి, తొక్కు, ఊరగాయ – పేర్ల పరిశీలన:

'పచ్చడి' అన్న పదంలో 'పచ్చి' ఉంది. తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ ఈ పదం ఉంది. తమిళ దేశంలో పచ్చడి అంటే ప్రధానంగా పచ్చి కూరగాయనో పండునో పెరుగులో కలిపినది. కేరళలోనూ పెరుగుకు ప్రాధాన్యం. తెలుగులో ఆ అర్థం 'పెరుగు పచ్చడి'గా మిగిలింది. పొయ్యి ఎక్కని, లేదా కొద్దిగానే ఎక్కిన వ్యంజనం అన్నది ఈ భాషలన్నిటికీ ఉమ్మడిగా కనిపించే మూలార్థం. తెలంగాణ పచ్చిపులుసులో కూడా ఇదే 'పచ్చి' ఉందని గమనించాలి. చింతపండు రసాన్ని కాచకుండా తినడమే దాని ప్రత్యేకత.

తెలంగాణలో విరివిగా వినిపించే 'తొక్కు' వస్తువు స్వభావాన్ని వదిలి చేసే పనిని పట్టుకుంది. తొక్కడం అంటే నలగగొట్టడం. కోస్తాలోనూ 'మామిడి తొక్కుడు పచ్చడి' అంటారు. రాయలసీమ 'ఊరిబిండి' మరో దారి పట్టింది. గోంగూరనే తెలంగాణ పుంటికూర అంటుంది. ఒకే రోటి పనికి ఇన్ని పేర్లు ఉండటం, అది ఏదో ఒక కేంద్రం నుంచి వ్యాపించినది కాదని సూచిస్తుంది.

'ఊరగాయ' వేరు. ఊరడం కాలంతో ముడిపడిన క్రియ. పచ్చడి ఆ పూటకో, రెండు పూటలకో, ఊరగాయ ఏడాదికి. నేడు వాడుకలో ఈ భేదం చెరిగిపోతోంది. ఆవకాయను కూడా 'పచ్చడి' అని, సీసాలో అమ్మేదాన్ని 'నిల్వ పచ్చడి' అని అంటున్నాం. అందువల్లనే రోటిలో నూరినదానికి 'రోటి పచ్చడి' అని ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది. మూలార్థంలో ఉన్నదానికి విశేషణం అవసరమై, తర్వాత చేరినది విశేషణం లేకుండా చలామణి కావడం భాషలో కొత్త కాదు.

ఈ రెండింటి మధ్య ఒక మూడో రూపం ఉంది. పుష్యమాసంలో పచ్చి చింతకాయలను ఉప్పు, పసుపు వేసి దంచి జాడీకెత్తుతారు. కొన్నాళ్ళకు ఈనెలు, గింజలు తీసి మళ్ళీ దంచుతారు. అది నిల్వ ఉన్నా ఇంకా పచ్చడి కాలేదు. కావలసినప్పుడు కొంత తీసి, మిరపకాయలతో నూరి, పోపు పెడితేనే పచ్చడి. నిల్వ చేసేది పులుపును. కారాన్ని ఏ పూటకాపూట చేరుస్తారు. పులుపూ కారమూ వేర్వేరు స్థానాలు అన్న అవగాహన ఈ పద్ధతిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ స్థానాల విభజన తర్వాతి చర్చకు కీలకం.

3. మిరపకు ముందు: కావ్యసాక్ష్యం

క్రీడాభిరామంలో ఓరుగంటి పూటకూళ్ళ ఇంటి భోజనం ప్రసిద్ధమైనది. ఒక రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగుతో పాటు నాలుగైదు 'నంజులు' దొరికేవట. ఆ నంజులు ఏమిటో కవి చెప్పలేదు. చెప్పనవసరం లేదనుకున్నాడు, అందరికీ తెలిసినవే కనుక. నంజుకోవడం అన్న క్రియ ఇప్పటికీ మనకుంది. నంజుకొనేది పచ్చడి, ఊరగాయ, వడియం వంటిదే. ధర కట్టి అమ్మే భోజనంలో నంజులను సంఖ్యతో లెక్కించడం గమనార్హం. అవి అప్పటికే భోజన నిర్మాణంలో ఒక స్థిరమైన అంగం.

నంజుల రుచి ఏమిటో తెలియాలంటే ఆముక్తమాల్యద దగ్గరికి రావాలి. ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుడు భాగవతులకు పెట్టే భోజనాన్ని కృష్ణదేవరాయలు ఋతువుల వారీగా వర్ణించాడు. వానాకాలంలో వరుగులు, వడియాలు, నేతిలో పొరటిన కూరలు, పప్పు. వేసవిలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకుపాలు, కొబ్బరినీళ్ళు, పండ్లు, నీరుమజ్జిగ, వడపిందెలు. చలికాలంలో కొత్తబియ్యపు అన్నం, మిరియాల పొడులతో చట్టిలో చుయ్యిమనే వేడి కూరలు, ఆవఘాటు నిండిన పచ్చళ్ళు, పాయసం, ఊరగాయలు, చేయి చురుక్కుమనే వేడి నెయ్యి, కాగిన పాలు.

మూడు పద్యాల్లోనూ దొరుకుబడి సూత్రం ఒకటే. వానాకాలంలో తాజా కూర తక్కువ, కాబట్టి ఎండబెట్టి దాచిన వరుగులు ముందుకు వస్తాయి. వేసవిలో మామిడి పిందె దశలోనే ఉప్పు పట్టి వడలి నంజుడవుతుంది. చలికాలంలో పచ్చడి. ఋతువును అనుసరించి వండుకోవడం గురించి నేడు కొత్తగా కనిపెట్టినట్లు మాట్లాడేవారికి ఈ మూడు పద్యాలు చూపిస్తే చాలు.

చలికాలపు పద్యంలోని పచ్చడి ప్రస్తావనను ఇంకొంచెం నిదానంగా చదవాలి. ఆ పచ్చళ్ళలోని ఆవ ముక్కుకు మందులా మండుతూ పనిచేస్తుందని కవి భావం. జలుబుతో బిగిసిన ముక్కు ఆ ఘాటుకు వదులుతుంది. ఇది కవిసమయం కాదు, యథాతథమైన అనుభవం. ఆవగింజలో ఘాటు ముందే సిద్ధంగా ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు, అందులోని ఎంజైము ఒకటి మరో పదార్థాన్ని విడగొట్టగా ఘాటైన నూనె పుడుతుంది. అది త్వరగా ఆవిరయ్యే గుణం గలది. నోట్లో పెట్టుకోగానే ముక్కుకెక్కుతుంది. మిరపలోని కారం అలా ఆవిరి కాదు. నాలుకనూ పెదవులనూ పట్టుకొని కూర్చుంటుంది. కాబట్టి ముక్కుకెక్కే పచ్చడి అని రాయలు రాసినప్పుడు, అది నూరిన ఆవ వేసిన పచ్చడి అనడానికి ఆ వర్ణనే సాక్ష్యం. పద్యంలో ఆవ పేరు కూడా నేరుగానే ఉంది.

రాయల పాలన 1509 నుంచి 1529 వరకు. పోర్చుగీసులు గోవాను పట్టుకున్నది 1510లో. వారి వెంట వచ్చిన మిరప ఆ ఇరవై ఏళ్ళలో తెలుగు వంటిళ్ళకు చేరి స్థిరపడే అవకాశం బహుస్వల్పం. ఆ పద్యాల్లో కారానికి ఉన్న రెండు దినుసులు మిరియం, ఆవ. మిరప ప్రస్తావన లేదు. ఒక దినుసు పేరు కావ్యంలో లేనంత మాత్రాన అది సమాజంలో లేదని చెప్పడం సాధారణంగా సాహసమే. ఇక్కడ మాత్రం కాలమూ, వర్ణించిన రుచీ రెండూ ఒకే వైపు చూపుతున్నాయి.

ఇంకొక సందేహాన్ని కూడా ఎదుర్కోవాలి. కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో. అది తమిళ దేశం. ఆ భోజనం తెలుగువారిదని ఎలా అనగలం? కవి కథాస్థలాన్ని శ్రద్ధగా పరిశోధించి ఆ ఊరి వంట రాశాడని అనుకోవడం కంటే, తనకు తెలిసిన సంపన్న వైష్ణవ గృహాల వంటను అక్కడ నిలిపాడని అనుకోవడమే సహజం. వరుగులు, వడియాలు, ఆవపచ్చళ్ళు అన్న మాటలు తెలుగు పాఠకుడికి వివరణ లేకుండా అందేవి. అయినా విజయనగర కాలపు దక్షిణదేశపు ఉమ్మడి వంట అని కొంత విశాలంగా చెప్పుకోవడమే జాగ్రత్త. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన సంస్కృత గ్రంథం మానసోల్లాసంలోని అన్నభోగ ప్రకరణం కూడా మిరియం, అల్లం, ఆవ, ఇంగువల ప్రపంచమే.

4. మిరియం: సరుకుగా కారం

రాయల పద్యంలో జంటగా వచ్చిన మిరియానికీ ఆవకూ సామాజికంగా చాలా దూరం ఉంది. ఆవ మన చేలో పండుతుంది. మిరియం పండదు, అది మలబారు సరుకు. కాకతి గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం, ఓడవర్తకులు కట్టవలసిన సుంకాల పట్టిక ఇస్తుంది. మంచిగంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు, పగడాలు, ఏనుగుదంతాల మధ్య మిరియాలు కూడా ఉన్నాయి. కర్పూరం పక్కన కూర్చున్న దినుసు పేదవాడి రోటిలోకి రోజూ రాదు.

అంటే మిరపకు ముందు తెలుగుదేశంలో కారం రెండు అంచెలుగా ఉండేదని చెప్పవచ్చు. కొన్నవారికి మిరియం, కొనలేనివారికి ఆవ, అల్లం. పలనాటి చాటువులోని కూడులో పులుపు ఉంది, ఆకు ఉంది. మిరియం ఊసు లేదు. ఒక్క చాటువు మీద పెద్ద సిద్ధాంతం కట్టకూడదు గాని, దిశ అదే.

మిరప వచ్చి మార్చినది ఈ ఏర్పాటును. ప్రతి ఏడూ పెరట్లో విత్తుకోగల మొక్క. పచ్చిగానూ పనికివస్తుంది, పండుగానూ పనికివస్తుంది, ఎండబెడితే ఏడాది నిలుస్తుంది. కారం మొదటిసారి వర్తకుడి తక్కెడ నుంచి పెరటి పాదులోకి దిగింది. మిరప భారతదేశమంతటా అంత వేగంగా అల్లుకుపోవడానికి రుచికంటే ఇదే ప్రధాన కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

5. మాటల్లో మిగిలిన చరిత్ర

కొత్త కాయకు పాత దినుసు పేరే పెట్టారు. తెలుగులో మిరియం నుంచి మిరెపకాయ, మిరపకాయ. కన్నడంలో మెణసు అంటే మిరియం, మెణసినకాయి అంటే మిరపకాయ. తమిళంలో మిళగు, మిళగాయ్. మలయాళం ఇంకో అడుగు వేసింది: ములగు అన్న మూలపదాన్ని మిరపకే అప్పగించి, అసలు మిరియాన్ని కురుములగు అని వేరు చేసింది. నాలుగు భాషలవారూ కొత్త కాయను మిరియం స్థానంలోకి వచ్చినదిగానే గుర్తించారు. వంటలో దాని చోటు ఏదో పేరు పెట్టినవారికి స్పష్టంగా తెలుసు. టమాటా విషయంలో తెలుగువారి చూపు మరోలా పనిచేసింది. నేలములక వంటి మొక్కల పోలికను గుర్తించి కోస్తాలో రామములగ అన్నారు. చిత్తూరు వైపు తమిళ సాహచర్యంతో తక్కాలి అయింది.

'కారం' అన్న మాట ప్రయాణం మరింత ఆసక్తికరం. దీన్ని సంస్కృత క్షార శబ్దం నుంచి వచ్చినదని కొందరు, ద్రావిడ ధాతువని కొందరు అంటారు. ఏదైనా, మొదట అది ఒక రుచి పేరు. ఇప్పుడు అంగట్లో 'పావుకిలో కారం' అంటే మిరపపొడి తప్ప మరొకటి కాదు. రుచి పేరు వస్తువు పేరైంది. తక్కిన రుచుల్లో పులుపుకీ చేదుకీ అలా ఒక్క వస్తువే హక్కుదారు కాలేదు. 'ఉప్పూ కారం తినే మనిషి' అని పౌరుషాన్ని చెప్పేటప్పుడు మనం తలచేది కూడా ఎర్రని కారాన్నే.

వీటన్నిటికంటే బలమైన సాక్ష్యం ఆవకాయ. నేటి ఆవకాయను చూడగానే కంటికి కనిపించేది ఎరుపు, నాలుకకు తగిలేది మిరప. పేరు మాత్రం ఆవది. మిరపకారం ప్రధానమైన కాలంలో ఈ ఊరగాయ పుట్టి ఉంటే దానికి ఆవ పేరు పెట్టవలసిన అవసరం కనిపించదు. మామిడికాయ, ఆవపిండి, ఉప్పు, నూనె కలిసిన పాత ఊరగాయలోకి మిరపపొడి తర్వాత వచ్చి చేరిందని ఊహించడం సమంజసం. కాబట్టి 'మన ప్రాచీన ఆవకాయ' అనేవారి మాట సగం నిజం. ఆవ ప్రాచీనం, ఆ ఎరుపు కాదు.

6. తద్దినపు వంట

కర్మకాండ కొత్తదాన్ని ఆలస్యంగా ఒప్పుకుంటుంది. అనేక బ్రాహ్మణ కుటుంబాల్లో తద్దినం నాడు మిరపకాయ వాడరు. బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ కూడా నిషిద్ధమే. ఈ జాబితాలో ఉన్నవాటి పుట్టినిళ్ళు గమనిస్తే, మొదటి మూడూ అమెరికా ఖండం నుంచీ, చివరిది ఐరోపా నుంచీ వచ్చినవి. నిషేధానికి ఇంట్లో చెప్పే కారణాలు వేరు కావచ్చు. జాబితా మాత్రం ఒక కాలరేఖను గీస్తోంది. ఆ రోజు కారానికి మిరియం, అల్లం వస్తాయి. పచ్చళ్ళు నువ్వులతోనో అల్లంతోనో కరివేపాకుతోనో ఉంటాయి. ఏడాదికి ఒక పూట ఆ వంటిల్లు మిరపకు ముందరి కాలానికి వెళ్ళి వస్తుంది. కె.టి. అచయ వంటి ఆహార చరిత్రకారులు శ్రాద్ధపు వంటను ఈ దృష్టితో గమనించారు.

ఉగాది పచ్చడిలోనూ ఈ జాడ ఉంది. వేపపువ్వు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడి పిందె – ఇవన్నీ చైత్రానికి సరిగ్గా చేతికందేవి. షడ్రుచుల్లో కారానికి మాత్రం ఇంటింటికీ ఒక పద్ధతి: కొందరు మిరియాల పొడి, కొందరు పచ్చిమిరపకాయ, మరికొందరు ఎండుకారం వేస్తారు. మిగిలిన ఐదు స్థానాల్లో ఇంత తేడా కనిపించదు. ఆ ఒక్క స్థానంలో ఒకప్పుడు మార్పిడి జరిగిందని, అది అందరి ఇళ్ళలో ఒకేలా పూర్తికాలేదని ఈ వైవిధ్యం సూచిస్తుంది.

7. మిరపతో మారిన పద్ధతి

మారినది దినుసు ఒక్కటే అయితే కథ ఇక్కడితో ఆగేది. తయారీ పద్ధతి కూడా మారి ఉండాలి. ఆవఘాటు వేడికి నిలవదు. వేడి తగిలితే దాన్ని పుట్టించే ఎంజైము నశిస్తుంది. పోపులో చిటపటలాడిన ఆవగింజ కమ్మగా ఉంటుందే గాని ఘాటుగా ఉండదు. అందుకే గోదావరి జిల్లాల్లో పనసపొట్టు కూర, అరటిదూట కూర దించి, వేడి తగ్గిన తర్వాతే ఆవ నూరి కలుపుతారు. దీన్నే 'ఆవ పెట్టడం' అంటారు. ఆవతో చేసే పచ్చడి పచ్చిగా ఉండక తప్పదు. పేరులోని పచ్చికీ ఈ ఘాటుకూ చక్కగా పొసగింది.

మిరప అలా కాదు. నూనెలో వేయించినా, నిప్పుల మీద కాల్చినా దాని కారం పోదు. పైగా కొత్త కమ్మదనం వస్తుంది. ఎండుమిరపకాయలు, మినప్పప్పు, మెంతులు వేయించి, కూరగాయను నూనెలో మగ్గించి నూరే నేటి రోటి పచ్చడి ఈ గుణం మీద నిలబడింది. వేయించి నూరే పద్ధతి అంతకు ముందు లేనేలేదని చెప్పడం లేదు. నువ్వులు, పప్పులు వేయించడం పాతదే. కాని వంకాయ, బీరకాయ, దొండకాయ వంటి కూరగాయలన్నిటికీ అది సాధారణ సూత్రంగా విస్తరించడానికి వేడికి తట్టుకొనే కారం కావాలి. పచ్చడిలోంచి పచ్చితనం తగ్గడం మిరపతోనే వేగం పుంజుకుందని నా ప్రతిపాదన. దీన్ని పరీక్షించడానికి ఆవ పెట్టే వంటలు ఏ ప్రాంతంలో ఎక్కువ మిగిలాయో, అక్కడ పచ్చి పచ్చళ్ళ నిష్పత్తి ఎలా ఉందో క్షేత్రపరిశోధనలో చూడవచ్చు.

గుంటూరు ప్రాంతపు కొరివికారంలో ఈ పరిణామం చివరి మెట్టుకు చేరింది. మాఘ ఫాల్గుణాల్లో చేలో మిరప పండుతుంది. అదే సమయంలో కొత్త చింతపండు వస్తుంది. రెండూ ఉప్పుతో కలిపి దంచితే ఏడాది నిల్వ. ఇక్కడ మిరప కారం కోసం చేర్చిన దినుసు కాదు, అదే కాయ, అదే ఆధారం. మిరియం పేరు అరువు తెచ్చుకొని వచ్చిన మొక్క సొంత పచ్చడి సంపాదించుకుంది.

8. ఋతువు, పొదుపు, వర్గం

ఊరగాయకు పెట్టుబడి కావాలి. మంచి కాయ ఒకేసారి పెద్దమొత్తంలో కొనాలి. నువ్వులనూనె, ఉప్పు, ఆవపిండి ధారాళంగా పడాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచి ఉప్పు ప్రభుత్వ గుత్తాధిపత్యం కింద ఉంది. సుంకంతో పెరిగిన ఉప్పు ధర నిల్వ పచ్చళ్ళ మీద ఎంత భారం మోపిందో లెక్కగట్టే పని మన ఆర్థిక చరిత్రలో ఎవరైనా చేపట్టదగినది. రోటి పచ్చడికి అంత ఉప్పు అక్కరలేదు. చిటికెడు ఉప్పు, నాలుగు మిరపకాయలు, చింతపండు రెబ్బ, దొరికిన ఆకు చాలు. దొరికేది ఋతువు చెబుతుంది: చైత్రంలో చింతచిగురు, ఎండల్లో మామిడి, వానల్లో వాక్కాయ, వినాయక చవితి వేళకు వెలగకాయ, కార్తీకంలో ఉసిరి, సంక్రాంతి ముందు చింతకాయ. బీరకాయ కూరైతే దాని పొట్టు పచ్చడి. వీటిలో వాక్కాయ, వెలగ, చింతచిగురు చాలావరకు ఎవరూ విత్తనివి. గట్ల మీద, బంజర్లలో, ఊరి చెట్ల మీద కోసుకొనేవి. భూమి లేనివారి పచ్చడికి ఆ ఉమ్మడి చెట్లే తోట. బంజర్లు దున్నకాల్లోకి పోయినచోట ఆ రుచులు కూడా పోయాయి.

'పచ్చడి మెతుకులు' అన్న నుడికారం ఈ వర్గచరిత్రను రెండు మాటల్లో దాచుకుంది. కూర లేని పూటకు పచ్చడే కూర. దొరల విందులో నంజుడుగా ఒక అంచున కూర్చున్నది, కూలివాని కంచంలో అన్నం పక్కన ఉన్న ఏకైక వస్తువు. కావ్యాలు మొదటి స్థానాన్ని రాశాయి. రెండవదాన్ని వాడుకభాష రాసిపెట్టింది. మిరప వచ్చాక రెండవ స్థానంలోని పచ్చడికి, ఎంత జొన్నకూడునైనా గొంతు దిగేలా చేయగల శక్తి వచ్చింది.

9. చట్నీ అనే మాట

నాకడం అన్న అర్థమున్న హిందీ క్రియ నుంచి వచ్చిన 'చట్నీ' మరో దారిలో నడిచింది. 1886లో వెలువడిన ఆంగ్లో–ఇండియన్ పదకోశం హాబ్సన్–జాబ్సన్‌లో దానికి ఆరోపం దొరికే నాటికి, ఇంగ్లండులో అది చక్కెర, వెనిగరులతో నిల్వచేసే మరో పదార్థమైపోయింది. 1861 నాటి మిసెస్ బీటన్ గృహనిర్వహణ గ్రంథంలో బెంగాలు పద్ధతి మామిడి చట్నీ అని ఒకటుంది. అందులో మామిడికాయ లేదు, పుల్లని పచ్చి ఆపిల్ పండ్లు ముప్పై ఉన్నాయి. దీన్ని వక్రీకరణగా చూడనక్కరలేదు. చేతికందిన పుల్లకాయతో చేసుకోవడం పచ్చడి నీతికి అనుగుణమే. పోయినది పచ్చితనం, ఆ పూటతనం.

తెలుగులో చట్నీ టిఫిను పళ్ళెంలో స్థిరపడింది. ఇడ్లీకి చట్నీ, అన్నంలోకి పచ్చడి. శనగపప్పు, కొబ్బరి, వేరుశనగ చట్నీలు హోటళ్ళ విస్తరణతో ఇళ్ళలోకి వచ్చాయి. వాటికి ఋతువు లేదు. ఏడాది పొడుగునా ఒకే రుచిలో దొరకడమే హోటలుకు కావలసిన గుణం.

10. రోలు, మిక్సీ, మిగిలిన ఆధారాలు

1960లలో దేశీయ మిక్సీలు వచ్చాయి. తర్వాతి దశాబ్దాల్లో రోలు పెరట్లోకి, ఆపై వీధిలోకి చేరింది. రోళ్ళకు కక్కు కొడతామని వీధుల్లో కేక వేసే వృత్తి దాదాపు కనుమరుగైంది. స్త్రీల భుజాలకు కలిగిన ఉపశమనాన్ని తక్కువ చేసి, రోటి రుచి గురించి పురుషులు రాసే విలాపాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. వాటికి మరొకటి చేర్చడం ఇక్కడ ఉద్దేశం కాదు. చరిత్రకారుడికి నష్టం మరోచోట ఉంది. రోటిలో దినుసులు ఒకదాని తర్వాత ఒకటి పడేవి: ముందు ఏది, తర్వాత ఏది, ఏది నలగాలి, ఏది కచ్చాపచ్చాగా ఉండాలి అన్న క్రమంలోనే పచ్చడి నిర్మాణం కనిపించేది. మిక్సీలో అన్నీ ఒకేసారి పడితే ఆ క్రమం కనిపించదు. తిరిగే గిన్నె వేడికి ఆవఘాటు తగ్గుతుంది కాబట్టి ఆవపచ్చళ్ళు ముందుగా దెబ్బతిన్నాయని కూడా ఊహించవచ్చు.

ఈ అంశంపై క్షేత్రపరిశోధన చేసేవారు సాధారణంగా దినుసుల జాబితా సేకరిస్తారు. దానితో పాటు నూరే క్రమాన్నీ, పొయ్యి మీదికి వెళ్ళనివాటినీ వేరుగా నమోదు చేయాలి. కోస్తా, రాయలసీమ, తెలంగాణల్లో కనీసం రెండు మూడు కులాల ఇళ్ళలో, అరవై దాటిన స్త్రీలను అడగవలసిన ప్రశ్నలు మూడు: మీ ఇంట్లో ఏ రోజున రోటిలో మిరపకాయ వేయరు, ఆ రోజు దాని బదులు ఏమి వేస్తారు, ఆవను ఏ పచ్చడికి ఎప్పుడు నూరతారు. మిరప వేయని రోజుల పట్టిక తయారైతే, రాయల పద్యానికీ నేటి వంటింటికీ మధ్య ఉన్న నాలుగైదు శతాబ్దాల ఖాళీలో కొంతైనా తేదీలు గుర్తించడం సాధ్యపడుతుంది.